పుస్తకం పాతదైతే... పంపకం తప్పుతుంది!

"అత్తా! తాతయ్య దాచిన వెండి రూపాయలు ఒక్కోటి ఆరొందలట కదా! మా పక్కింటివాళ్లు నిన్న రెండు అమ్మారు."

మాచర్ల నుంచి మా ఆడపడుచు కూతురు ఫోనులో అన్న మాట ఇది. పిల్ల ఏదో కబురు చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం చేతిలో గరిటె ఆగిపోయింది. ఎందుకంటే నెల రోజుల కిందట, సంక్రాంతి పండక్కి, అవే రూపాయలకు ఒక్కోదానికి రెండొందల యాభై చొప్పున లెక్కగట్టి వాళ్లమ్మ చేతిలో డబ్బు పెట్టింది మేమే. పుస్తకం తెరిచి ధర చదివిందీ, కాగితం మీద హెచ్చవేసిందీ సాక్షాత్తూ నేనే!

ఇది 2021 నాటి సంగతి. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లలో ఇలాంటి పెట్టెలు చాలా ఉన్నాయి. ఆ పెట్టెల్లో నాణేలతోపాటు ఓ పాత ధరల పుస్తకం కూడా ఉంటే, దాన్ని నమ్ముకుని నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని.

పెట్టెలో అరవై రూపాయలు

మా మామయ్యగారు నరసరావుపేటలో బడిపంతులుగా చేశారు. ఆయనకు కాఫీ అలవాటు లేదు, పేకాట తెలియదు. ఉన్న ఒక్క పిచ్చీ పాత నాణేలు. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినా ప్రభల కంటే ముందు పాత సామాన్ల దుకాణం వెతుక్కునేవారు. ఒక్కో నాణేన్ని ఒక్కో చిన్న కాగితపు కవర్లో పెట్టి, దానిమీద సంవత్సరం, ఎవరి బొమ్మ, ఎక్కడ దొరికింది... అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. 2008లో హైదరాబాదు వెళ్లినప్పుడు నాణేల ధరల పుస్తకం ఒకటి కొనితెచ్చుకున్నారు. అది ఆయనకు భగవద్గీతే!

ఆయన పోయాక ఏడాది దాటింది. మా అత్తయ్య "నా కళ్లముందే ముగ్గురికీ సమంగా పంచెయ్యండి" అన్నారు. ముగ్గురంటే మావారు, గురజాలలో ఉండే మా మరిది, మాచర్ల ఇచ్చిన మా ఆడపడుచు. చిల్లరంతా పోను వెండి రూపాయలు అరవై తేలాయి. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలున్నవి 36. ఆరో జార్జివి, 1940 తర్వాతవి 24. తలా ఇరవై... అంటే పాతవి పన్నెండు, తర్వాతవి ఎనిమిది.

మరిది తన వాటా నాణేలు తీసుకున్నాడు. మా ఆడపడుచు మాత్రం "అద్దె ఇంట్లో ఇవన్నీ ఎక్కడ దాచుకుంటాను వదినా? నా వాటా నువ్వే ఉంచుకుని డబ్బివ్వు" అంది.

అప్పుడు నా ప్రజ్ఞ బయటికొచ్చింది. బి.కాం. చదివానాయె! పుస్తకం తెరిచాను. పాత రూపాయి 250. 1940 తర్వాతది 120. పన్నెండు రెండొందల యాభైలు మూడు వేలు. ఎనిమిది నూటయిరవైలు తొమ్మిదొందల అరవై. మొత్తం 3,960. "చెల్లెలికి నలభై ఎక్కువిస్తే ఏం పోయిందిలే" అని మావారు ఉదారంగా నాలుగు వేలు ఇచ్చారు. అందరూ నవ్వుకున్నాం. అరిసెలు తిన్నాం.

ఆ నవ్వే తర్వాత నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

అసలు లెక్క ఇదీ

ఫోను పెట్టేసి పుస్తకం మళ్లీ తీశాను. ఈసారి ధరలు కాదు, ముందు పేజీల్లో ఉన్న వివరాలు చదివాను. 1939 దాకా వచ్చిన బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు. అంటే సరిగ్గా పాత తులం! మన పెద్దవాళ్లు 'రూపాయెత్తు' అని తూకం చెప్పేది అందుకే. అందులో వందకు సుమారు 91.7 వంతులు వెండి. అంటే ఒక్కో రూపాయిలో పదిన్నర గ్రాములకు పైగా మేలిమి వెండి ఉన్నట్టు. యుద్ధం వచ్చాక 1940 నుంచి 1945 దాకా వేసిన రూపాయిల్లో వెండి సగమే. 1947 రూపాయిలో అసలు వెండే లేదు, అంతా నికెల్. మీ దగ్గర ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, నికెల్ రూపాయి అతుక్కుంటుంది, వెండిది అతుక్కోదు.

ఇవన్నీ 2008లో ఎంత నిజమో ఇవాళా అంతే నిజం. మారింది వెండి ధర. పుస్తకం అచ్చయిన ఏడు కిలో వెండి ఇరవై వేలకు అటూ ఇటూ. మేం పంచుకున్న సంక్రాంతికి అరవై అయిదు వేలకు అటూ ఇటూ! ఆ లెక్కన ఒక్క వెండి విలువే పాత రూపాయికి 690 పైన, సగం వెండి రూపాయికి 370 పైన. మా ఆడపడుచు వాటా పదకొండు వేలు దాటుతుంది. మేం ఇచ్చింది నాలుగు వేలు. అందులో ఆ నలభై రూపాయల ఔదార్యం ఒకటి!

బంగారపు కొట్టువాళ్లు తరుగు తీసి కొంటారు కనుక పక్కింటివాళ్లకు ఆరొందలు వచ్చాయి. పిల్ల చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు.

ఒక పుస్తకంలో రెండు పుస్తకాలు

అప్పటినుంచి నాణేలు సేకరించేవాళ్లు కనబడితే చాలు, "ధరల పుస్తకం ఎన్నేళ్లకోసారి మార్చాలండీ?" అని అడగటం నాకు అలవాటైంది. ఒకాయన ఏటా అంటారు, ఇంకొకాయన అసలక్కర్లేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమేనని నాకు మెల్లగా అర్థమైంది. ఎలాగంటారా?

ధరల పుస్తకం అట్టలు ఒక్కటే గాని లోపల ఉండేవి రెండు పుస్తకాలు. మొదటిది నాణేన్ని గుర్తుపట్టే పుస్తకం... బరువు, లోహం, బొమ్మ, ఏ టంకశాలలో వేశారు అన్నవి. రెండోది ధరల పట్టిక. మొదటిది మన వంటింట్లో ఇత్తడి బిందెలాంటిది, తరాలు వాడుకోవచ్చు. రెండోది పాలగిన్నె. పొద్దున కాచింది సాయంత్రానికి చూసుకోవాల్సిందే.

గుర్తుపట్టే భాగం ఎంత పనికొస్తుందో చెబుతాను. మీ ఇంట్లో చిల్లర తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం గుర్తుంటే అది మన హైదరాబాదు టంకశాలలో పుట్టింది. వజ్రం ఆకారం ముంబైది. చిన్న గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. ఒకే ఏడు, ఒకే బొమ్మ ఉన్నా ఒక ఊళ్లో వేసినవి తక్కువైతే వాటి ధర వేరు.

1911 రూపాయి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అయిదో జార్జి అంగీ మీద హారంలో ఏనుగు బొమ్మ ఉంది. అది చూడటానికి అచ్చం పందిలా ఉందని జనం గోల పెడితే, మరుసటేడు బొమ్మ దిద్దించారు. 'పంది రూపాయి' అని దానికి పేరే స్థిరపడిపోయింది. ఈ సంగతి ఏనాటి పుస్తకంలో చదివినా ఒకటే.

అలాగని మొదటి భాగం కూడా ఎప్పటికీ సరిపోదు. మామయ్యగారి పుస్తకంలో ₹ గుర్తున్న నాణెం ఒక్కటీ లేదు. ఆ గుర్తు వచ్చిందే 2010లో, నాణేల మీదికి ఎక్కింది 2011లో. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు పోగొట్టుకున్నాయి. పాత పుస్తకంలో అవింకా చలామణిలోనే ఉన్నాయి పాపం! పాత నాణేల గురించి తెలిసేవీ పెరుగుతుంటాయి. 1862 అని ముద్రించిన విక్టోరియా రూపాయిలు నిజానికి 1874 దాకా అదే సంవత్సరంతో వేశారు. చిన్న చిన్న చుక్కలనుబట్టి వాటిలో రకాలు విడదీస్తారు. ఇలాంటి వివరాలు పెరిగినకొద్దీ పట్టిక పొడుగవుతుంది. అందుకే ఈ భాగం కోసమైతే పదేళ్లకోసారి కొత్త పుస్తకం కొనుక్కుంటే చాలుననిపిస్తుంది.

ధర ఎప్పుడూ పెరుగుతుందనుకోకండి!

ఇక రెండో భాగం. ఇక్కడే మనం బోల్తా పడేది. వెండి సంగతి చూడండి. 2011 ఏప్రిల్లో కిలో డెబ్బై వేలు దాటింది. 2015 చివరికొచ్చేసరికి అందులో సగానికి పడింది. ఆ 2011లో అచ్చయిన పుస్తకం చూసి 2015లో ఎవరైనా నాణేలు కొని ఉంటే? మాకు జరిగిందానికి సరిగ్గా తిరగేసి నష్టం. 2020లో మరీ విచిత్రం. మార్చిలో ముప్పై అయిదు వేల ప్రాంతంలో ఉన్నది ఆగస్టుకల్లా డెబ్బై అయిదు వేలు దాటేసింది. అయిదు నెలలు! పుస్తకం అచ్చై కొట్టుకు వచ్చేలోపే ధర రెట్టింపైందన్నమాట. 2024 అక్టోబరులో లక్ష ముట్టుకుని, 2025లో ఇంకా పైకి ఎగబాకింది. కనుక వెండి నాణెం మటుకు ఏ పుస్తకాన్నీ నమ్మే పనిలేదు. బరువు పుస్తకంలో చూసుకోవాలి, వెండి ధర ఆ పొద్దుటి పేపర్లో చూసుకోవాలి.

అరుదైన నాణేల ధరకు వెండితో పెద్దగా సంబంధం లేదు. కావాలనేవాళ్లు ఎందరున్నారు, దొరికేవి ఎన్ని... దానిమీద నడుస్తుంది. ఎక్కడో ఒక పాత ఇంట్లో అలాంటివే ఒక మూట బయటపడితే అరుదన్నది కాస్తా మామూలైపోతుంది. ఇలాంటివాటికి ఈమధ్య జరిగిన వేలాల్లో ఎంత పలికిందో చూడటం మేలు. తరచూ కొని అమ్మేవాళ్లు ఏటా కొత్త ధరలు చూసుకోవాలి. నాలాగా ఉన్నవి భద్రంగా దాచుకునేవాళ్లకు మూడు, నాలుగేళ్లకోసారి చాలు.

పుస్తకంలో ధర ఎవరి ధరో కూడా చూసుకోవాలండోయ్. అమెరికాలో 'రెడ్ బుక్' అని పిలుచుకునే నాణేల పుస్తకం ఒకటుంది. 1946లో మొదలై ఏటా కొత్త సంచిక వస్తోంది. అంతకంటే ముందు, 1942లోనే, 'బ్లూ బుక్' అని ఇంకొకటి వచ్చింది. ఎర్రపుస్తకంలో ఉండేది కొట్టువాడు మనకు అమ్మే ధర. నీలం పుస్తకంలో ఉండేది మన దగ్గర అతను కొనే ధర. రెంటికీ బోలెడు తేడా. పాత చీరకు స్టీలుగిన్నె బేరమాడే మనకు ఈ సూత్రం ఒకరు చెప్పాలా?

చింతపండు చేసిన చేటు

ఇంకో తప్పు కూడా ఒప్పేసుకుంటాను. పంపకానికి ముందు రోజు, నాణేలు నల్లగా ఉన్నాయని అయిదింటిని చింతపండు పెట్టి తోమేశాను. తళతళా మెరిశాయి. మా అత్తయ్య చూసి "అయ్యో, ఆయన వీటిని చేత్తో అయినా ముట్టుకునేవారు కాదే! అంచులు పట్టుకునేవారు" అన్నారు. అప్పుడు పట్టించుకోలేదు.

ధరల పట్టికలో ఒకే నాణేనికి రెండు మూడు ధరలుంటాయి. బాగా అరిగినదానికి ఒకటి, కాస్త అరిగినదానికి ఒకటి, టంకశాల నుంచి వచ్చినట్టే ఉన్నదానికి ఒకటి. కాలంతో వచ్చిన ఆ నల్లదనం సేకరించేవాళ్లకు ముద్దు. తోమితే పడే సన్నని గీతలు వాళ్లకు కంటగింపు. అంటే నా చింతపండుతో ఆ అయిదు నాణేలనూ నేనే పట్టికలో కింది వరసకు దించేశాను. పుస్తకం ఎంత కొత్తదైనా వరస తప్పు చదివితే ఫలితం ఒకటే!

పుస్తకంలో లేని ధరలు

మా అత్తయ్య దగ్గర ఇంకో చిన్న డబ్బా ఉంది. అందులో తామరపువ్వు ఉన్న ఇరవై పైసల నాణేలు 108. శ్రావణమాసంలో లక్ష్మీపూజకు అష్టోత్తరం చదువుతూ ఒక్కో నామానికీ ఒక్కోటి వేస్తారు. 1968 నుంచి 1971 దాకా వచ్చినవి అవి. పసుపుపచ్చగా మెరుస్తాయి కనుక బంగారం కలిసిందని మా వీధిలో చెప్పుకుంటారు. కలిసింది రాగి, అల్యూమినియం, నికెలూనూ. ఈ ఒక్కదానికి మాత్రం ధర వెతకొద్దని అత్తయ్య ముందే చెప్పేశారు. "అది అమ్మవారి సొమ్ము" అంతే.

ఇంకోరకం ధరలున్నాయి, వాటితో జాగ్రత్త. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామని ఫోన్లలో తిరిగే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ముందు కొంత రుసుము కట్టమంటారు. కట్టాక మాయం! 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదనీ, తాము ఎలాంటి రుసుమూ అడగమనీ చెప్పింది. అలాగే 1939 రూపాయి చాలా అరుదైనది కనుక పుస్తకంలో దాని ధర చూసి ఆశపడతాం. అంత ధర ఉంది కనుకే నకిలీలూ ఎక్కువ.

అసలు ధరే వెయ్యకూడనివి కూడా మన పల్నాడులో ఉన్నాయి. నాగార్జునకొండ దగ్గర 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల సీసపు నాణేలు దొరికాయి. వినుకొండలో రోమను చక్రవర్తుల బంగారు నాణేలే బయటపడ్డాయి. ఇలాంటి నేల కదా మనది! పొలం దున్నుతుంటే ఏ ముంతో తగిలితే ధరల పుస్తకం వెతక్కండి. పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. 2022 ఏప్రిల్ నుంచి కలెక్టరుగారు మా నరసరావుపేటలోనే ఉన్నారు, గుంటూరు దాకా వెళ్లే పని కూడా లేదు.

మళ్లీ పెట్టె తెరిచాం

మా కథ దగ్గరికొస్తాను. లెక్క చూసుకున్న రాత్రే మావారికి చెప్పాను. "అప్పుడు పుస్తకంలో ఉన్నదే కదా ఇచ్చాం. అదేమైనా అడిగిందా?" అన్నారు. అడగలేదు. అదే నన్ను కుదిపింది. తెలిసి కూడా అడగలేదు. పుట్టింటి నుంచి అడిగి తెచ్చుకున్నానన్న మాట పడటం ఏ ఆడపిల్లకు ఇష్టం? మా పుట్టింట్లో పంపకాలప్పుడు నేనూ ఇలాగే నోరు కట్టేసుకున్నాను కనుక ఆ మౌనం నాకు తెలుసు. అదే మాట మావారితో అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తెల్లారి లేచి "దాన్ని శివరాత్రికి రమ్మను" అన్నారు.

కోటప్పకొండ దర్శనం చేసుకుని ఇంటికొచ్చాక పెట్టె మధ్యలో పెట్టాం. నేనే మొదలుపెట్టాను. "వదినా, నేను పదమూడేళ్ల నాటి ధర చదివాను. తప్పు నాది" అని కాగితం ముందుపెట్టాను. మిగతా డబ్బు కూడా మావారు పక్కనే పెట్టారు.

మా ఆడపడుచు కాగితం వంక చూడనే లేదు. కవర్లు చేతిలోకి తీసుకుని వాళ్ల నాన్న రాత చదువుతూ కూచుంది. తర్వాత తన కొంగుముడి విప్పి నాలుగు వేలు తీసి నా ముందు పెట్టింది. ఖర్చు పెట్టలేదట! "డబ్బొద్దు వదినా. నా ఇరవై నాకిచ్చెయ్యి. చోటు నేను చూసుకుంటాను" అంది.

తోమిన అయిదూ నా వాటాలో వేసుకున్నాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు!

మామయ్యగారి పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పారెయ్యలేదు. మొదటి పేజీలో పెన్సిలుతో ఒక మాట రాసిపెట్టాను: "వివరాలకు చూడు. ధరలు 2008 నాటివి." మా ఆడపడుచు కూతురు వచ్చినప్పుడు దాని కింద తనూ ఒకటి రాసింది: "ధరకు ఆ రోజు పేపరు చూడు, అత్తా!"

మరిచిపోకండి!

* పుస్తకం కొనగానే ధరలు ఏ సంవత్సరానివో అట్ట మీద రాసుకోండి.
* నాణేలను గుర్తుపట్టడానికి ఒక పుస్తకం పదేళ్లు వస్తుంది. ధరల కోసమైతే దాచుకునేవాళ్లు మూడు, నాలుగేళ్లకు, కొని అమ్మేవాళ్లు ఏటా మార్చుకోవాలి.
* వెండి నాణేలకు ఆనాటి వెండి ధరే లెక్క. అది 1939కి ముందుదా, తర్వాతదా అన్నది తప్పక చూడండి.
* అమ్మకం, పంపకం, పెళ్లికి పెట్టడం... నాణెం చెయ్యి మారే ప్రతిసారీ ధర కొత్తగా చూసుకోండి.
* పుస్తకంలో ఉన్నది కొట్టువాడు అమ్మే ధరా, కొనే ధరా తెలుసుకోండి. ఇద్దరు ముగ్గురి దగ్గర అడగండి.
* నాణేలను తోమకండి. అంచులు పట్టుకోండి.
* వాటాలు వేసేటప్పుడు వీలైతే నాణేలనే పంచండి. డబ్బు తీసుకుంటానన్నవాళ్ల ముందే లెక్క వెయ్యండి. వాళ్లు అడగలేదు కదా అని ఊరుకోకండి.